చీటీలోని అంకెలు

ఏళాయిరంపన్నై తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో ఉంది. కోవిల్పట్టి, సాత్తూరు, శివకాశి దానికి చుట్టుపక్కల ఉన్న పెద్ద ఊళ్లు. అది వానలు తక్కువగా పడే నల్లరేగడి సీమ. సేద్యం అందరికీ కూడు పెట్టలేని ఆ నేలలో అగ్గిపెట్టెల పరిశ్రమ, బాణసంచా పరిశ్రమ ఎన్నో కుటుంబాలకు బ్రతుకుతెరువు చూపాయి. ఆ ప్రాంతంలో తమిళంతో పాటు తెలుగు మాటలాడే ఇండ్లు కూడా తరతరాలుగా ఉన్నాయి. అటువంటి ఒక ఇంటిని ఊహించుకొందాం.

ఆ ఇంటి తల్లికి నలభై నాలుగేండ్లు. అగ్గిపెట్టెల కర్మాగారంలో పని చేస్తుంది. పగలంతా చట్రాలలో పుల్లలు పేర్చడం, పొద్దుగూకాక ఇంటిపని. కొన్ని నెలలుగా ఆమెకు ఒళ్లు అలసటగా ఉంటున్నది. రాత్రివేళ రెండు మూడుసార్లు మూత్రానికి లేవవలసి వస్తున్నది. “ఎండలు కదా, నీళ్లు ఎక్కువ తాగుతున్నాను, అందుకే లేవవలసి వస్తున్నది” అని ఆమె సరిపెట్టుకొన్నది.

ఒకనాడు ఆరోగ్య కార్యకర్త ఆ ఇంటికి వచ్చింది. తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న “మక్కళై తేడి మరుత్తువం” అనే పథకాన్ని ప్రారంభించింది. ప్రజలను వెదకుకొంటూ వచ్చే వైద్యం అని ఆ పేరుకు అర్థం. రక్తపోటు, చక్కెర వ్యాధి ఉన్నవారిని ఇండ్ల దగ్గరనే గుర్తించడం, వారికి మందులు ఇంటికే చేర్చడం ఈ పథకంలోని ముఖ్యమైన పనులు. కార్యకర్త తల్లి వేలికొనను సన్నని సూదితో గుచ్చి, ఒక చుక్క రక్తాన్ని చిన్న పట్టీ మీద పట్టి, చేతిలోని పరికరంలో చూచింది. 212 అని వచ్చింది. “రెండు దినాలలో ఆరోగ్య కేంద్రానికి రా అక్కా, పరగడుపున రావాలి” అని చీటీ వ్రాసి ఇచ్చింది.

తల్లి వెళ్లింది. పరగడుపున ఒకసారి, ఇడ్లీ తిన్న రెండు గంటలకు మరొకసారి రక్తం తీశారు. ఫలితాలు ఒక కాగితం మీద ఇచ్చారు. పరగడుపున 131. తిన్న తరువాత 236. దాని కింద హెచ్‌బిఎ1సి అనే మాట, దాని ఎదుట 7.4. వైద్యురాలు చక్కెర వ్యాధి అని చెప్పి, మాత్రలు వ్రాసి, తిండి గురించి నాలుగు మాటలు చెప్పి పంపింది. బయట వరుసలో ఇంకా నలభైమంది ఉన్నారు. ఆమె మాత్రం ఎంతసేపు చెప్పగలదు?

ఆ సాయంత్రం తొమ్మిదో తరగతి చదివే కూతురు ఆ కాగితాన్ని చదివి వినిపించింది. ఇంట్లో చర్చ మొదలైంది. “మొన్న 212, ఈ పొద్దు 131. రెండు దినాలలోనే అంత దిగింది. ఇక మాత్రలెందుకు?” అన్నాడు నాయన. పక్కింటి అత్త తన కండ్లద్దాలు సవరించుకొని, “అసలైన పరీక్ష కింద ఉన్నదే కదా? ఏడే కదమ్మా వచ్చింది! మా అన్నకు మూడు వందలు ఉండేది” అన్నది. అవ్వ మాత్రం 236 అనే అంకెను పట్టుకొన్నది. “తిన్నాకనే కదా ఎక్కింది? రేపటినుంచి తిండి మానేయి” అన్నది. కాగితం ఒకటే, తీర్పులు మూడు. తల్లి అందరి మాటా విని మాత్రల పొట్లాన్ని గూట్లో పెట్టింది.

ఆ పొట్లం గూట్లోనే ఉండిపోతే ఏమవుతుందో చెప్పుకోవాలంటే, ముందుగా ఆ అంకెలు ఏమిటో తెలియాలి.

మనం తినే అన్నం, ఇడ్లీ, సజ్జ సంగటి, బెల్లం, పండు, ఇవన్నీ కడుపులో అరిగి చాలావరకు గ్లూకోజు అనే చక్కెరగా మారి రక్తంలో కలుస్తాయి. కండరాలకు అది ఇంధనం. మెదడుకు అది లేకుండా గడవదు. కనుక రక్తంలో చక్కెర ఉండడం రోగం కాదు, ప్రాణావసరం. అయితే ఎంత ఉండాలి? పెద్దవారి ఒంట్లో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఆరోగ్యవంతుని రక్తంలో పరగడుపున డెసిలీటరుకు, అంటే లీటరులో పదో వంతుకు, 100 మిల్లీగ్రాములకు లోపుగా చక్కెర ఉంటుంది. లెక్క కడితే మొత్తం రక్తంలో ఉన్నది సుమారు 5 గ్రాములు, ఒక చిన్న చెంచాడు. మనిషిని నడిపించేదీ ఆ చెంచాడే. అది నిత్యం రెండు చెంచాలైతే ఏండ్ల తరబడి కండ్లను, మూత్రపిండాలను, నరాలను, గుండెను చెరిచేదీ అదే.

ఈ కొలతను కాపాడేది ఇన్సులిన్. కడుపు వెనుక ఉండే క్లోమం అనే గ్రంథి దానిని తయారు చేస్తుంది. తిన్న వెంటనే చక్కెర పెరిగితే ఇన్సులిన్ కూడా పెరుగుతుంది. కండరాలు, కొవ్వు కణాలు చక్కెరను లోపలికి తీసుకొనేటట్లు చేస్తుంది. కాలేయానికి కూడా ఒక ఆజ్ఞ ఇస్తుంది. కాలేయం మన ఇండ్లలోని గాదె వంటిది. తిన్నప్పుడు చక్కెరను నిలువ చేసుకొని, తిననప్పుడు కొంచెం కొంచెంగా రక్తంలోకి వదులుతుంది. “ఇప్పుడు చాలు, గాదె మూయి” అని చెప్పేది ఇన్సులినే. కొందరిలో, ముఖ్యంగా పిల్లలలో, క్లోమంలోని కణాలు నశించి ఇన్సులిన్ దాదాపు తయారు కాదు. వారికి ఇన్సులిన్ సూదిమందు తప్పనిసరి. పెద్దవారిలో ఎక్కువగా కనిపించేది రెండో రకం. వారిలో ఇన్సులిన్ ఉంటుంది గాని శరీరం దాని మాట సరిగా వినదు. పోనుపోను క్లోమం కూడా అలసిపోతుంది. మన కథలోని తల్లికి వచ్చినది ఈ రెండో రకం.

తల్లి రాత్రిళ్లు లేవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే మూత్రపిండాలు దానిని పూర్తిగా తిరిగి పట్టుకోలేవు. మూత్రంలోకి పోయే చక్కెర తనతో నీటిని కూడా లాగుకొనిపోతుంది. ఒంట్లో నీరు తగ్గి దాహం వేస్తుంది. నీళ్లు ఎక్కువ తాగడం వల్ల లేవడం కాదు, ఎక్కువసార్లు లేవడం వల్ల దాహం. ఆమె కారణాన్ని, ఫలితాన్ని తారుమారు చేసుకొన్నది.

మూత్రం తియ్యగా ఉండే ఈ వ్యాధిని మన పూర్వవైద్యులు ఎరుగుదురు. చరక సుశ్రుతుల గ్రంథాలలో మధుమేహం అనే పేరు ఉంది. రోగి మూత్రానికి చీమలు పట్టడాన్ని వారు గమనించారు. 1776లో మాథ్యూ డాబ్సన్ అనే ఆంగ్ల వైద్యుడు రోగి మూత్రాన్ని ఇగిర్చి, మిగిలినది చక్కెరే అని చూపాడు. రోగి రక్తం నుంచి వేరుపడిన ద్రవం కూడా తియ్యగా ఉన్నదని వ్రాశాడు. కాని తియ్యగా ఉన్నదని తెలియడం వేరు, ఎంత ఉన్నదో తెలియడం వేరు.

ఎంత అనే ప్రశ్నకు జవాబు చాలాకాలం రంగు చూచి చెప్పేవారు. బెనెడిక్ట్ ద్రావణంలో మూత్రాన్ని వేసి కాస్తే నీలం రంగు, చక్కెరను బట్టి, ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక ఎరుపుగా మారుతుంది. రక్తంలోని చక్కెరను కొద్ది రక్తంతోనే, రంగు చిక్కదనాన్ని పోల్చి కొలిచే పద్ధతిని అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో ఆటో ఫోలిన్, సియెన్ వూ అనే శాస్త్రజ్ఞులు 1920 నాటికి రూపొందించారు. ఇక్కడ తెలుగువారు గుర్తుంచుకోదగిన సంగతి ఒకటి ఉంది. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా చేరి, తరువాత పని చేసినది ఆ ఫోలిన్ విభాగంలోనే. రక్తంలోని భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతిని ఆయన సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించాడు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రయోగశాలలలో నిలిచిపోయింది.

ఈనాటి చేతి పరికరంలో రంగుతో పని లేదు. పట్టీ మీద పూసిన ఎంజైము చక్కెరతో కలిసినప్పుడు చాలా కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. పరికరం ఆ విద్యుత్తును కొలిచి అంకెగా చూపుతుంది. అంకె చూడగానే అది ఎంతో కచ్చితమైనదని మనకు తోస్తుంది. నిజానికి మంచి పరికరానికి కూడా నూటికి పదిహేను పాళ్ల వరకు అటూ ఇటూ పోయే వెసులుబాటును అంతర్జాతీయ ప్రమాణాలు అనుమతించాయి. అంటే 212 అని చూపినప్పుడు అసలు విలువ 190 కావచ్చు, 235 కావచ్చు. కోవిల్పట్టి కడలమిఠాయి తిన్న చేతిని కడుగుకోకుండా వేలు చాపితే, వేలికి అంటిన బెల్లం కూడా రక్తంలోని చక్కెరగానే లెక్కకు వస్తుంది! అందుకే చేయి నీటితో కడిగి, తడి లేకుండా తుడుచుకోవాలి. చేతి పరికరం అనుమానితులను ఏరడానికి, వ్యాధి ఉన్నవారు తమ స్థితిని గమనించుకోవడానికి మంచి సాధనం. కాని వ్యాధి ఉన్నదని నిర్ణయించడానికి సిరనుంచి తీసిన రక్తాన్ని ప్రయోగశాలలో పరీక్షిస్తారు. కార్యకర్త 212 చూచి కూడా రోగమని చెప్పక, ఆరోగ్య కేంద్రానికి పంపడం అందుకే.

ఇక నాయన వాదానికి వద్దాం. 212 మొన్నటిది, 131 నేటిది. రెండూ ఒకే మనిషి రక్తం. అయితే 212 వచ్చినప్పుడు ఆమె సద్ది తిని గంటన్నర అయింది. 131 వచ్చినప్పుడు రాత్రి తిన్నది తప్ప ఏమీ లేదు. వాన కురిసిన మరునాటి చెరువు మట్టాన్నీ, వైశాఖమాసపు మట్టాన్నీ పక్కపక్కన పెట్టి చెరువు ఎండిపోతున్నదని ఏ రైతూ వాదించడు. ఏ వేళ కొలిచారో ముందు అడుగుతాడు. రక్తపరీక్షలోనూ అంతే. పరగడుపు అంకెను పరగడుపు అంకెతోనే పోల్చాలి. తిన్న తరువాతి అంకెను తిన్న తరువాతి అంకెతోనే పోల్చాలి. ఆమె చక్కెర రెండు దినాలలో దిగలేదు. ఆ 131 కూడా ఎక్కువే.

ఎందుకు ఎక్కువ? పరగడుపున 100కు లోపుగా ఉంటే మామూలు. 100 నుంచి 125 వరకు ఉంటే దానిని వ్యాధికి ముందుదశగా పరిగణిస్తారు. 126, ఆపైన ఉంటే చక్కెర వ్యాధి. కడుపులో తిండి లేని వేళ రక్తంలోకి చక్కెరను పంపేది కాలేయం. కనుక పరగడుపు అంకె ముఖ్యంగా ఆ గాదె సంగతి చెబుతుంది. ఆజ్ఞ సరిగా అందని కాలేయం రాత్రంతా అవసరానికి మించి చక్కెరను వదులుతూ ఉంటుంది. “రాత్రి ఏమీ తినలేదు, పొద్దున ఎక్కువ ఎట్లా వచ్చింది?” అని చాలామంది ఆశ్చర్యపోతారు. దానికి జవాబు ఇదే.

ఈ 126 అనే గీత ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1997కు ముందు అది 140గా ఉండేది. ఎంత చక్కెర ఉన్నవారిలో కంటి వెనుక పొర చెడిపోవడం కనిపిస్తున్నదో పరిశీలించి, నిపుణులు గీతను కిందికి దించారు. కనుక 125 వచ్చినవాడు క్షేమం, 127 వచ్చినవాడు రోగి అని గోడ కట్టినట్లు అనుకోరాదు. గీతకు దగ్గరగా వచ్చినవారిని మళ్లీ పరీక్షించడం అందువల్లనే. దాహం, అతిమూత్రం, బరువు తగ్గడం వంటి లక్షణాలు స్పష్టంగా లేనప్పుడు, ఒక్క అంకెను బట్టి వ్యాధి ఉన్నదని తేల్చరు. రెండు ఫలితాలు గీత దాటాలి. మన తల్లి విషయంలో పరగడుపు 131, హెచ్‌బిఎ1సి 7.4, రెండూ దాటాయి.

పరగడుపు అంటే కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ఉండడం. మంచినీళ్లు తాగవచ్చు. కాని మన ప్రాంతంలో తెల్లవారగానే కాఫీ తాగనిదే కాలు కదలదు. “కాఫీయే కదా తాగింది, టిఫిను తినలేదు కదా” అంటారు. పాలు, చక్కెర కలిసిన కాఫీ తాగితే అది పరగడుపు కాదు. ఆ సంగతి చెప్పకుండా రక్తం ఇస్తే, కాగితం మీద అబద్ధపు పేరుతో ఒక నిజమైన అంకె పడుతుంది.

తిన్న తరువాతి పరీక్షకు కూడా గడియారం ముఖ్యం. రెండు గంటలను మొదటి ముద్ద నోట పెట్టినప్పటినుంచి లెక్కించాలి, చేయి కడిగినప్పటినుంచి కాదు. కచ్చితమైన నిర్ధారణ కావలసినప్పుడు 75 గ్రాముల గ్లూకోజును నీటిలో కలిపి తాగించి, రెండు గంటల తరువాత రక్తం తీస్తారు. అప్పుడు 140కి లోపుగా ఉంటే మామూలు, 140 నుంచి 199 వరకు ముందుదశ, 200 ఆపైన వ్యాధి. ఇడ్లీ తిన్న తరువాత తీసినది అంత కట్టుదిట్టమైన పరీక్ష కాదు. ఒకరు రెండు ఇడ్లీలు తింటారు, మరొకరు ఆరు తింటారు. అయినా తిండి వల్ల వచ్చిన చక్కెరను శరీరం ఎంత త్వరగా సర్దుకొంటున్నదో అది చూపుతుంది. గర్భిణులకు వేరే గీతలున్నాయి; వారి అంకెలను ఈ లెక్కతో చూడరాదు.

పక్కింటి అత్త చిన్నదనుకొన్న 7.4 అన్నిటికంటే పెద్ద సంగతి చెప్పే అంకె. మిగిలినవి డెసిలీటరుకు మిల్లీగ్రాములు. ఇది మాత్రం నూటికి ఇంత అనే పాలు. గజాలతో కొలిచినదాన్ని శేర్లతో కొలిచినదానితో పోల్చి చిన్నది, పెద్దది అనలేము కదా! రక్తాన్ని ఎర్రగా చేసే హిమోగ్లోబిన్ అనే పదార్థానికి రక్తంలోని చక్కెర మెల్లమెల్లగా అంటుకొంటుంది. ఒకసారి అంటుకొంటే ఆ ఎర్రకణం బ్రతికినంతకాలం వదలదు. ఎర్రకణం ఆయుస్సు సుమారు 120 దినాలు. కనుక హిమోగ్లోబిన్‌లో నూటికి ఎన్ని పాళ్లకు చక్కెర అంటి ఉన్నదో చూస్తే, గత రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. టెహరానులో పని చేసిన శామ్యూల్ రహ్బర్ అనే ఇరాన్ శాస్త్రజ్ఞుడు, చక్కెర వ్యాధి ఉన్నవారి రక్తంలో ఈ హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉండడాన్ని 1968లో గుర్తించాడు. వ్యాధి నిర్ధారణకు ఈ పరీక్షను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో అంగీకరించింది.

ఇందులో 5.7కు లోపల ఉంటే మామూలు. 5.7 నుంచి 6.4 వరకు ముందుదశ. 6.5, ఆపైన వ్యాధి. 6 అంటే సగటున రక్తంలో చక్కెర 126 దగ్గర ఉన్నట్లు. 7 అంటే 154. 8 అంటే 183. ఒక్క అంకె పెరిగితే సగటు దాదాపు 30 పెరుగుతుంది. తల్లికి వచ్చిన 7.4ను ఈ లెక్కన చూస్తే సగటు సుమారు 166. అది నిన్నటి పండుగ భోజనం వల్ల వచ్చినది కాదు, నెలల తరబడి సాగినది.

మలేషియా, సింగపూరులలో ఉన్న బంధువుల కాగితాలలో మరొక చిక్కు ఉంది. అక్కడ చక్కెరను మిల్లీమోల్ అనే కొలతలో వ్రాస్తారు. దానిని 18తో హెచ్చిస్తే మన కొలత వస్తుంది. అక్కడి 7.3 ఇక్కడి 131. అంకె పక్కన ఉన్న కొలత పేరు చదవకపోతే ఆ 7.3ను హెచ్‌బిఎ1సి అనుకొనే ప్రమాదం ఉంది.

మూడు నెలల అంకెను మోసగించడం కష్టం. పరీక్ష అనే మాట విన్నప్పుడు మనవారికి బడి పరీక్షే గుర్తుకు వస్తుంది కాబోలు. రక్తం ఇచ్చే ముందు రెండు దినాలు అన్నం మానివేసి, స్వీట్లు దాచిపెట్టి, “పాసయ్యాను” అని సంతోషించేవారు ఉన్నారు. పరగడుపు అంకె ఆ రెండు దినాల ఉపవాసానికి లొంగవచ్చు. హెచ్‌బిఎ1సి లొంగదు. అంతమాత్రాన అది తప్పులేని పరీక్ష కూడా కాదు. ఎర్రకణాల మీద ఆధారపడినది కాబట్టి రక్తహీనత ఉన్నవారిలో అది దారి తప్పవచ్చు. ఇనుము తక్కువై వచ్చిన రక్తహీనతలో అసలుకంటే ఎక్కువగా చూపవచ్చు. రక్తం పోయినవారిలో, ఎర్రకణాలు త్వరగా నశించేవారిలో తక్కువగా చూపవచ్చు. మన స్త్రీలలో రక్తహీనత సామాన్యం కనుక, వైద్యురాలు హిమోగ్లోబిన్ ఎంత ఉన్నదో కూడా అడగడం అనవసరపు ఖర్చు కాదు.

అవ్వ మాటలో కొంత నిజం ఉంది గాని ఆమె చెప్పిన మందు ప్రమాదకరం. తిన్న తరువాత చక్కెర పెరగడం అందరిలోనూ జరుగుతుంది. ఎంత పెరుగుతుంది, ఎంతసేపు నిలుస్తుంది అన్నదే ప్రశ్న. పళ్లెం నిండా అన్నం, గిన్నె అడుగున కూర ఉండే భోజనాన్ని తిరగవేసి, అన్నం తగ్గించి, కూర, పప్పు పెంచితే తిన్న తరువాతి అంకె దిగుతుంది. సజ్జ, వరిగ, ఊద వంటి ధాన్యాలు ఆ నల్లరేగడి నేలలో పూర్వంనుంచి పండేవి. వాటిలో పీచు ఎక్కువ. అయితే చిరుధాన్యం కదా అని రెండింతలు తింటే అవి కూడా చక్కెరే అవుతాయి. బెల్లం తెల్ల చక్కెర కాదు కాబట్టి మంచిదనే నమ్మకం మన ఊళ్లలో బలంగా ఉంది. రక్తానికి ఆ భేదం అంతగా తెలియదు. తిన్న తరువాత ఒక పావుగంట నడిస్తే కండరాలు కొంత చక్కెరను వాడుకొంటాయి. ఇది ఖర్చు లేని సాయం.

తిండి పూర్తిగా మానివేసి, కొన్ని రకాల మాత్రలు గాని ఇన్సులిన్ గాని తీసుకొంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. 70కి లోపుగా దిగితే చెమటలు, వణుకు, గుండెదడ, కండ్లు తిరగడం కలుగుతాయి. అప్పుడు స్పృహ ఉన్న మనిషికి వెంటనే మూడు చెంచాల చక్కెర కలిపిన నీరు తాగించి, పావుగంట తరువాత మళ్లీ చూడాలి. స్పృహ లేనివారి నోట ఏమీ పోయరాదు, ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. ఎక్కువ చక్కెర చేసే హాని ఏండ్ల మీద కనిపిస్తుంది. తక్కువ చక్కెర చేసే హాని నిమిషాలలో కనిపిస్తుంది.

మరి మాత్రలు గూట్లోనే ఉంటే? మరునాడు ఏమీ కాదు. మరునెల కూడా ఏమీ కాకపోవచ్చు. ఈ వ్యాధిలోని మోసం అదే. నొప్పి లేదు, జ్వరం లేదు. ఏండ్లు గడిచాక చట్రంలోని పుల్లలు మసకగా కనబడతాయి. కాలికి తగిలిన గాయం తెలియదు, తెలిసినా మానదు. 2023లో ప్రచురించిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే లెక్క ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలకు ఈ వ్యాధి ఉంది; మరి 13 కోట్లకు పైగా ముందుదశలో ఉన్నారు. ఇన్సులిన్ కనుగొనక ముందు మొదటి రకం వ్యాధి వచ్చిన పిల్లలు ఎంతోకాలం బ్రతికేవారు కారు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లియొనార్డ్ థామ్సన్ అనే పధ్నాలుగేండ్ల బాలునికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. మొదటి సూదిమందు సరిగా పని చేయలేదు. పన్నెండు దినాలు శ్రమించి మందును శుద్ధి చేసి మళ్లీ ఇచ్చినప్పుడు అతని రక్తంలో చక్కెర దిగింది. ఆ బాలుడు మరి పదమూడేండ్లు బ్రతికాడు. అతని వైద్యులకు కూడా మందు పనిచేసిందని చెప్పినది ఆ అంకెలే.

కూతురు తన పాత లెక్కల పుస్తకంలో మిగిలిన కాగితాలకు గీతలు గీసింది. తేదీ, వేళ, తినకముందా తిన్నాకనా, ఏమి తిన్నది, అంకె, కొలత. ఆరు గళ్లు. మొదటి వరుసలో 212 వ్రాసి, దాని ఎదుట “సద్ది తిన్న గంటన్నరకు, వేలి రక్తం” అని చేర్చింది. 131, 236, 7.4 వేరువేరు వరుసలలో పడ్డాయి. మరుసటి వారం ఆరోగ్య కేంద్రానికి తల్లితో తానూ వెళ్లి, తమ ఇంట్లో వచ్చిన మూడు తీర్పులను వైద్యురాలికి చెప్పింది. వైద్యురాలు నవ్వి, ప్రతి అంకెకు ఎదురుగా చేరవలసిన లక్ష్యాన్ని తానే వ్రాసింది. పరగడుపున 80 నుంచి 130 వరకు, తిన్నాక 180కి లోపు, హెచ్‌బిఎ1సి 7కు లోపు. ఇవి వ్యాధి లేనివారి గీతలు కావు, వైద్యం పొందుతున్న వారి లక్ష్యాలు. వయసును, ఇతర జబ్బులను బట్టి ఇవి మనిషికొక తీరుగా మారుతాయి. పొట్లం గూట్లోనుంచి కిందికి వచ్చింది.

మూడు నెలల తరువాత తల్లి మళ్లీ రక్తం ఇచ్చి వచ్చింది. రెండు అంకెలు, 118, 6.8. కూతురు ఇంకా బడినుంచి రాలేదు. నాయన కాగితాన్ని వెలుతురుకు పట్టి చూచి, 118 మీద వేలు పెట్టి అడిగాడు.

“ఇది తినకముందుదా, తిన్నాకదా?”